పాత ప్లేటింగ్ షెడ్డు జాగాలో అపార్ట్‌మెంట్: రెండడుగుల మట్టి తీస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. హైదరాబాద్‌లో బాలానగర్ వైపు మీ నాన్నగారి ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు, అంటే లోహపు సరుకుకు క్రోమ్, నికెల్ లాంటి పూతలు వేసే చోటు, 1,000 గజాలు, ముప్పై ఏళ్లు నడిచి మూతపడింది. ఒక బిల్డర్ డెవలప్‌మెంట్‌కి అడుగుతూ, "పైన రెండడుగుల మట్టి ఎత్తేసి మొరం పోస్తే చాలు, తరవాత ఏ గొడవా ఉండదు" అంటున్నాడు. అది నిజమేనా, శుభ్రం చేసే ఖర్చు ఎవరిది, స్థలంలో ఉన్న పాత బోరు వాడుకోవచ్చా అని అడిగారు. పాత ఫ్యాక్టరీ స్థలాల్లో మట్టి, నీళ్లు పరీక్షించి ఏం చేయాలో చెప్పడమే చాలాకాలంగా నా పని. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటిదానికి జవాబు: చాలదు. అసలు ఆ రెండడుగుల లెక్క ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నాకు అర్థం కాలేదు. రెండు సెల్లార్లు వేస్తానంటున్న మనిషి ఎలాగూ ఇరవై అడుగులకు పైగా తవ్వుతాడు కదా!

లెక్క వేసి చూడండి. 1,000 గజాలంటే 836 చదరపు మీటర్లు. మొత్తం స్థలంలో రెండడుగులు తీస్తే సుమారు 500 ఘనపు మీటర్లు, అంటే 900 టన్నుల మట్టి. యాభై అరవై టిప్పర్లు. అదే చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్‌లు) వదిలేసి 700 చదరపు మీటర్లలో ఏడు మీటర్ల లోతు సెల్లార్ తవ్వితే 4,900 ఘనపు మీటర్లు, దాదాపు 8,800 టన్నులు. ఐదు వందల టిప్పర్లకు తక్కువ కాదు. ఆ ఐదు వందల టిప్పర్లు ఎక్కడికి పోతాయన్నదే మీ స్థలం విషయంలో అసలు ప్రశ్న. మన ఊళ్లో సెల్లార్ మట్టి ఊరికే పోదు. ఎవరో ఒకరు కొనుక్కుంటారు. పల్లపు ప్లాట్లు నింపడానికో, కొత్త లేఔట్‌లో రోడ్డు ఎత్తు పెంచడానికో, ఏ చెరువు శిఖంలోనో పోస్తారు. మీ షెడ్డు కింది మట్టిలో క్రోమియం ఉంటే, అది మీ జాగా నుంచి పోయి ఇంకొకరి ఇంటి పునాదిలో తేలుతుంది. ఆ ఇంటివాళ్లకు ప్లేటింగ్ అంటే ఏమిటో కూడా తెలిసి ఉండదు.

ఇక ప్లేటింగ్ షాపు కింద ఏముంటుంది? మీరు అక్కడే పెరిగారు కాబట్టి మీకే బాగా తెలియాలి. క్రోమిక్ యాసిడ్ ట్యాంకు, నికెల్, జింక్, బహుశా సయనైడ్ బాత్, పూత వేశాక సరుకు కడిగే రిన్స్ నీళ్ల తొట్లు. సరుకు ప్లేటింగ్‌కి ముందు జిడ్డు వదలగొట్టడానికి ట్రైక్లోరో వాడి ఉంటారు. వీటిలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేవి రెండే.

ఒకటి హెక్సావాలెంట్ క్రోమియం, షాపుల్లో క్రోమ్-సిక్స్ అంటారు. క్రోమియంలో రెండు రకాలు నేలలో దొరుకుతాయి. క్రోమ్-త్రీ అనేది మట్టి రేణువులకు అతుక్కుని దాదాపు కదలదు, విషం కూడా తక్కువ. సిక్స్ నీళ్లలో కరిగి నీళ్లతో పాటే ప్రయాణిస్తుంది, క్యాన్సర్ కారకం. ల్యాబ్ రిపోర్టులో "టోటల్ క్రోమియం" అని ఒక్క అంకె ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోవద్దు. సిక్స్ ఎంతో విడిగా రాయమనండి. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లలో పసుపు ఛాయ కంటికి కనబడుతోందంటే ఆ హద్దు ఎప్పుడో దాటిపోయిందని అర్థం. ఇది కాలం గడిస్తే దానంతటదే పోతుందనుకునేవాళ్లు తమిళనాడులోని రాణిపేట సంగతి తెలుసుకోవాలి. అక్కడి క్రోమేట్ ఫ్యాక్టరీ 1990ల నడుమ మూతపడింది. ఆవరణలో లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం వదిలేసి పోయారు. ఫ్యాక్టరీ లేకపోయినా భూగర్భ జలాల్లోకి క్రోమియం దిగుతూనే వచ్చింది.

రెండోది ట్రైక్లోరో, అంటే ట్రైక్లోరోఎథిలీన్. ఇది నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. డీజిల్ ఒలికితే నీటి మీద తేలుతుంది. ఇది మాత్రం నీటిని దాటుకుని కిందికి దిగి, రాతి పగుళ్లలో చేరి కూర్చుంటుంది. కాంక్రీటు గచ్చు కూడా దీన్ని పూర్తిగా ఆపలేదు. పైగా ఆవిరయ్యే గుణం ఉంది కాబట్టి మట్టిలోంచి సెల్లార్‌లోకి, గ్రౌండ్ ఫ్లోర్ గదుల్లోకి వాసన తెలియనంత కొద్దిగా వస్తూ ఉంటుంది. దీన్ని కూడా క్యాన్సర్ కారకంగానే వర్గీకరించారు.

దీనికి హైదరాబాద్ నేల తీరు కూడా తోడవుతుంది. పైన కొంచెం మట్టి, దాని కింద మొరం, తర్వాత మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి గ్రానైట్. మొరం గుండా నీళ్లు సులువుగా దిగుతాయి. గ్రానైట్‌లో పగుళ్లు ఎటుంటే అటు పోతాయి, మ్యాపు గీసినట్టు వరసగా పోవు. అందుకే మీ ట్యాంకు కింద తవ్వితే ఏమీ దొరకక, నలభై అడుగుల అవతల దొరకవచ్చు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాల మట్టి మీద చాలాకాలంగా పరిశోధన పత్రాలు వేస్తున్నారు. క్రోమియం, సీసం లాంటి లోహాలు సహజంగా ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉన్న చోట్లు వాటిలో కనబడతాయి.

కాబట్టి మొదట పరీక్ష. ఇక్కడ ఒక తికమక గురించి చెప్పాలి. బిల్డర్ "సాయిల్ టెస్ట్ చేయించేశాం సార్" అంటాడు. అది ఎస్‌బీసీ రిపోర్టు, అంటే నేల ఎంత బరువు మోస్తుందో చెప్పేది. విషం ఉందా లేదా అన్నది అందులో ఒక్క ముక్క ఉండదు. రెండూ ఒకటే అనుకుని సంతకాలు పెట్టినవాళ్లను చూశాను.

అసలైన పరీక్ష కాగితాలతో మొదలవుతుంది. షెడ్డు లేఔట్ ఎలా ఉండేది, ట్యాంకులు ఎక్కడ, ఏ ఏడాదిలో వాటి చోటు మార్చారు, వాడిన నీళ్ల కాలవ ఎటు పోయేది, స్లడ్జ్ (మిగిలిన రసాయన బురద) ఎక్కడ పోసేవారు, డ్రమ్ములు ఎక్కడ పెట్టేవారు. మీ నాన్నగారు ఉన్నారు కాబట్టి ఆయన్ని, దొరికితే పాత పనివాళ్లు ఇద్దరు ముగ్గుర్ని స్థలంలోకి తీసుకెళ్లి నడిపించండి. ఈటీపీ (వ్యర్థ నీళ్ల శుద్ధి ప్లాంటు) పెట్టకముందు రిన్స్ నీళ్లు ఎటు పోయేవో అడగండి. "వెనక గోడ పక్కన గుంతలోకి" అనే జవాబు నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ రోజుల్లో అందరూ అదే చేశారు. కానీ ఆ గుంత ఎక్కడో తెలిస్తే మీకు చాలా డబ్బు మిగులుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు కూడా చూడండి, ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లొచ్చు.

తరవాత బోరింగులు, అంటే మట్టి నమూనా తీయడానికి నేలలో వేసే రంధ్రాలు. అనుమానం ఉన్న చోట్ల, అంటే ట్యాంకుల కింద, డ్రెయిన్ లైను వెంట, వ్యర్థ నీళ్ల గుంతలో, డ్రమ్ముల చోట, తప్పకుండా వేయాలి. మిగతా స్థలంలో గడులు గీసి కొన్ని వేస్తారు. ప్రతి బోరింగులో అరమీటరు, మీటరున్నర, మూడు మీటర్లు, అలా రాయి తగిలేదాకా వేరువేరు లోతుల్లో నమూనా తీయాలి. బోరింగ్ వేస్తున్నప్పుడే పీఐడీ అనే చేతి మీటరుతో ట్రైక్లోరో ఆవిరి ఉందేమో చూడొచ్చు. ట్రైక్లోరో నమూనా సంచిలో వేసి ఎండలో ఆటోలో పంపితే ల్యాబుకు చేరేసరికి ఎగిరిపోతుంది. గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి ఐసు పెట్టెలో పోవాలి. రిపోర్టులో "కనబడలేదు" అని వస్తే, నమూనా ఎలా వెళ్లిందో అడగందే నమ్మకండి. ఇంకొక పాత ఎత్తుగడ ఉంది. పది బోరింగుల మట్టి కలిపేసి ఒక్క నమూనాగా పంపుతారు. ఒక చోట ఉన్న విషం తొమ్మిది చోట్ల మంచి మట్టిలో కలిసి పలచబడుతుంది, అంకె అందంగా వస్తుంది. ఖర్చు తగ్గించామంటారు. ఎవరి ఖర్చు తగ్గించారో వాళ్లకే తెలియాలి.

అంకెలు వచ్చాక వాటిని దేనితో పోల్చాలి? స్థలాన్ని దేనికి వాడతామన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది. కెనడా మార్గదర్శకాలు తీసుకోండి, మన దేశంలో కూడా కన్సల్టెంట్లు వీటిని చూస్తారు. మట్టిలో సీసం కిలోకు 140 మిల్లీగ్రాముల వరకు ఇళ్ల స్థలానికి పరవాలేదు, వాణిజ్య వాడకానికి 260, పరిశ్రమకు 600. క్రోమ్-సిక్స్ ఇళ్లకు 0.4, పరిశ్రమకు 1.4. అంటే నిన్నటిదాకా షెడ్డుగా హద్దుల్లోనే ఉన్న మట్టి, పిల్లలు ఆడుకునే చోటు అనగానే హద్దు దాటిపోతుంది. మట్టి మారలేదు, దాని మీద తిరిగే మనిషి మారాడు. ఎంతవరకు శుభ్రం చేయాలన్న ఈ ఒక్క అంకె మీదే కొడైకెనాల్‌లో ఏళ్ల తరబడి వాదన నడిచింది. అక్కడి పాదరసం థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడితే, కిలోకు 20 మిల్లీగ్రాముల లక్ష్యం చాలా వదులుగా ఉందని స్థానికులు, పర్యావరణ కార్యకర్తలు కొట్లాడారు. మట్టి శుద్ధి అసలు పని మొదలవడానికే పదిహేనేళ్లకు పైగా పట్టింది.

ప్రమాదం ఉండాలంటే మూడు కలవాలి: విషం, అది మనిషిని చేరే దారి, చివర మనిషి. వీటిలో ఏ ఒక్కదాన్ని తెంచినా పని జరుగుతుంది. శుభ్రం చేయడమంటే మొత్తం తవ్విపోయడమే అనుకోనక్కర్లేదు. మీ స్థలంలో నాకు తోచే మార్గం ఇది, పరీక్ష ఫలితాలను బట్టి మారుతుంది.

ట్యాంకుల కింద, పాత గుంతలో మట్టి బాగా చెడిపోయి ఉంటే అంతవరకే విడిగా తవ్వాలి. సెల్లార్ తవ్వకం మొదలవకముందే, వేరే పనిగా. దాన్ని ప్రమాదకర వ్యర్థంగా దుండిగల్ దగ్గరున్న శుద్ధి, నిల్వ కేంద్రానికి పంపాలి. ప్రతి లోడుకూ మానిఫెస్టు, అంటే వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూపే రవాణా పత్రం ఉంటుంది, 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో ఫారం-10. ఆ కాపీలన్నీ మీ దగ్గర ఉంచుకోండి, బిల్డర్ దగ్గర వదిలేయకండి. అక్కడ టన్ను లెక్కన తీసుకుంటారు కాబట్టి మంచి మట్టిని చెడ్డదాంట్లో కలపకుండా జాగ్రత్తగా తవ్వితేనే ఖర్చు అదుపులో ఉంటుంది. మొత్తం 8,800 టన్నులు అక్కడికే పంపాల్సి వస్తే మీ ప్రాజెక్టే లేదు. 300 టన్నులు పంపడానికి మాత్రం ఏ బిల్డరూ కుదేలవడు. పరీక్షకు పెట్టే డబ్బు ఈ రెండు అంకెల మధ్య తేడాను తేల్చడానికి.

మధ్యస్థంగా చెడిన మట్టిలో క్రోమ్-సిక్స్‌ను అక్కడికక్కడే త్రీగా మార్చొచ్చు. మీ ఈటీపీలో సోడియం మెటాబైసల్ఫైట్ వేసేవారు చూడండి, ఇదీ అదే కెమిస్ట్రీ. నేలలో అయితే ఫెర్రస్ సల్ఫేటో, కాల్షియం పాలీసల్ఫైడో కలుపుతారు. సిమెంటు కలిపి గట్టిపరచడం ఇంకొక పద్ధతి, నికెల్, జింక్ కదలకుండా ఉంటాయి. ఆ తరవాత నీళ్లతో కడిగి ఎంత బయటికి వస్తోందో పరీక్ష చేయాలి. ట్రైక్లోరోకి ఇవేవీ పనికిరావు. గొట్టాలు దింపి నేలలోని ఆవిరిని మోటారుతో లాగి, కార్బన్ ఫిల్టర్ గుండా పంపాలి. నెలలు పట్టే పని. కొంత మిగిలిపోతే, భవనం గచ్చు కింద ఆవిరి ఆపే పొర వేసి, కింది గాలి పైపు ద్వారా మేడపైకి పోయేలా కడతారు. కట్టేటప్పుడు వేస్తే తక్కువలో అవుతుంది, కట్టాక వేయాలంటే నరకం.

పొద్దుతిరుగుడు నాటితే విషం పీల్చేస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. మొక్కలతో శుద్ధి నిజమే, కానీ ఏళ్లు పడుతుంది, వేర్లు వెళ్లినంత లోతే. బాలానగర్ ధరల్లో అన్నేళ్లు ఎవరు ఆగుతారు? సూక్ష్మజీవులతో శుద్ధి డీజిల్, ఆయిల్ పడ్డ చోట బాగుంటుంది, లోహాలను మాత్రం ఏ బ్యాక్టీరియా మాయం చేయలేదు. మట్టిని కడిగే యంత్రాలు పెద్ద స్థలాలకు. లండన్‌లో 2012 ఒలింపిక్స్ పార్కు కట్టిన లీ లోయ ఒకప్పుడు ఫ్యాక్టరీలు, చెత్త గుట్టల చోటు. అక్కడ "మట్టి ఆసుపత్రులు" పెట్టి, సుమారు 20 లక్షల టన్నుల మట్టిని శుభ్రం చేసి, ఎక్కువ భాగం అక్కడే మళ్లీ వాడారు. వందల ఎకరాలు ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది. మన దగ్గర సమస్య అదే, వెయ్యి గజాలు, రెండు వేల గజాలు, ఒక్కొక్కటీ ఒక్కొక్కరిది. మీరు శుభ్రం చేసుకున్నా పక్క షెడ్డు నుంచి నీళ్లు మీ కిందికి రావచ్చు. వీలైతే పక్కవాళ్లతో మాట్లాడి పరీక్షలు కలిపి చేయించండి.

తవ్వేటప్పుడు ఎవరూ పట్టించుకోనిది నీళ్లు. సెల్లార్ లోతుకు వెళ్లగానే ఊట వస్తుంది, మోటార్లు పెట్టి నాలాలోకి తోడేస్తారు. మీ కింద క్రోమియం ఉంటే అది నాలాలోకి పోతుంది. పైగా అలా తోడుతున్నకొద్దీ చుట్టుపక్కల మురికి నీళ్లు కూడా మీ గోతి వైపు లాగబడతాయి. కాబట్టి తోడిన నీటిని పరీక్షించి, అవసరమైతే శుద్ధి చేసి వదలాలని ఒప్పందంలో రాయించండి. భవనం కట్టాక కూడా సెల్లార్ సంపులో ఊట ఏటా వస్తుంది, దాన్ని కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి.

తవ్వకం అయ్యాక గోతి అడుగున, నాలుగు గోడల్లో మళ్లీ నమూనాలు తీయాలి. చాలామంది ఈ మెట్టు ఎగరగొడతారు. బయటి నుంచి తెచ్చి పోసే మొరం కూడా పరీక్షించండి. అది ఇంకొక పాత ఫ్యాక్టరీ సెల్లార్ నుంచి రాలేదని ఎవరు చెప్పగలరు?

ఇక ఖర్చు ఎవరిది. 1996లో రాజస్థాన్‌లోని బిచ్చ్రి కేసులో, హెచ్-యాసిడ్ (రంగుల తయారీలో వాడే రసాయనం) ఫ్యాక్టరీల వల్ల ఊరి బావులు పాడైపోయినప్పుడు, కాలుష్యం చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానం ఉన్న స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి, 189 రసాయనాల హద్దులతో పోల్చాలి, బాధ్యుణ్ణి గుర్తించి ఖర్చు రాబట్టాలి. అప్పటికి దేశంలో గుర్తించిన 103 స్థలాల్లో ఏడింటిలోనే శుద్ధి మొదలైంది, కాబట్టి అధికారి వచ్చి రేపే మీ తలుపు తడతాడని నేను భయపెట్టను. కానీ మీ విషయంలో బాధ్యుడెవరు? షెడ్డు నడిపింది మీ కుటుంబమే. బిల్డర్ వేరే ఎవరినో చూపించలేడు, మీరూ చూపించలేరు. వినడానికి బాగుండదు, కానీ ఒప్పందం రాసుకునే ముందే తెలియాలి.

అందుకే "ఉన్నది ఉన్నట్టు" అని రాసిచ్చి వదిలించుకుందాం అనుకోకండి. పరీక్ష రిపోర్టు ఒప్పందానికి జతచేయండి, శుద్ధి ఖర్చును వాటాల లెక్కలో ముందే తీసేయండి, ఎవరు చేయిస్తారు, ఎవరు పర్యవేక్షిస్తారు, పని పూర్తయిందని ఏ అంకెతో తేలుస్తారు అన్నది రాసుకోండి. శుద్ధి రిపోర్టు ఫ్లాట్లు కొనేవాళ్లకు కూడా ఇవ్వండి. కొంత మిగిల్చి పైన కాంక్రీటు వేస్తే, ఎక్కడ ఏం మిగిలిందో అపార్ట్‌మెంట్ సంఘం దగ్గర మ్యాపు ఉండాలి. అమెరికాలో లవ్ కెనాల్ అనే చోట రసాయనాలు పూడ్చి పైన బంకమట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు ఇచ్చారు. తరవాత రోడ్లకు, మురుగు పైపులకు ఆ కప్పునే తవ్వారు. 1978కి అక్కడి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

మూసివేతప్పుడు కాలుష్య మండలి ఇచ్చిన కాగితం ఉందన్నారు. అది ఉత్పత్తి ఆగిందని చెబుతుంది, నేల బాగుందని కాదు. పెద్ద ప్రాజెక్టులకు, నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లు దాటితే, పర్యావరణ అనుమతి దశలో కనీసం ఎవరో ఒకరు అడిగే అవకాశం ఉంది. మీ వెయ్యి గజాల ప్రాజెక్టు ఆ గీత కిందే ఉండిపోతుంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక స్థలాలను ఇళ్లకు, వాణిజ్యానికి మార్చుకునే విధానం తెచ్చింది. 22 ప్రాంతాలు, 9,200 ఎకరాలకు పైగా. చర్చంతా దాదాపుగా గజం ధర చుట్టూ తిరిగింది. మార్పిడి ఫీజు కట్టేటప్పుడే మట్టి రిపోర్టు కూడా అడిగితే సగం తలనొప్పి తీరిపోయేదని నా అభిప్రాయం.

చివరిగా మీ బోరు. వాడకండి, చెట్లకు కూడా. ముందు నీళ్లు పరీక్షించండి: క్రోమ్-సిక్స్, నికెల్, సయనైడ్, ట్రైక్లోరో. తరవాత ఎవరైనా ఆ బోరులోకి ఎప్పుడైనా వ్యర్థ నీళ్లు వదిలారా అని మీ నాన్నగారిని సూటిగా అడగండి. వదిలి ఉంటే ఆ సంగతి పరీక్షలు చేసేవాళ్లకు మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే మురికి నేరుగా రాతి పగుళ్లలోకి వెళ్లి ఉంటుంది, పైపై బోరింగుల్లో దొరకదు. పరీక్షలన్నీ అయ్యేదాకా బోరు పూడ్చవద్దు, నీటి నమూనాకు అదే దిక్కు. అవసరం తీరాక అడుగు నుంచి పైదాకా సిమెంట్ గ్రౌట్‌తో (జారుగా కలిపిన సిమెంటుతో) నింపి మూసేయించండి. రాళ్లు, మట్టి వేసి పైన మూత పెడితే కుదరదు, వాన నీళ్లు పైనున్న మురికిని కిందికి దింపే గొట్టంలా అది పని చేస్తూనే ఉంటుంది.